పాత కారుకి కంపెనీ రంగే ఉందా, మళ్ళీ వేయించారా? గోదారి జిల్లాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో పెదనాన్నగారి 1968 అంబాసిడర్ మార్క్ 2 ఉందని తెలిసిన దగ్గర్నుంచి పాలకొల్లు, రాజోలు, అమలాపురం, భీమవరం వైపు వాళ్ళు చాలామంది ఫోన్ చేసి ఇవే అడుగుతున్నారండి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసేస్తున్నా. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్, తొలినాటి మారుతి 800, విల్లీస్ జీపు, ఏ బండికైనా పద్ధతి ఇంచుమించు ఇదే.

ఒరిజినల్ పెయింట్ అంటే అసలు ఏంటండి?

కారు ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు ఒంటి మీద ఉన్న రంగు, అంతే. అంబాసిడర్ అయితే బెంగాల్లో ఉత్తరపారాలో వేసింది, ఫియట్, అదే ప్రీమియర్ పద్మిని అయితే బొంబాయి కుర్లాలో వేసింది, స్టాండర్డ్ హెరాల్డ్ అయితే మద్రాసులో వేసింది. ఆ తర్వాత అదే షేడు కలిపించి ఎంత బాగా వేయించినా దాన్ని రీపెయింట్ అనే అనాలి. "ఒరిజినల్ కలరేనండి" అని అమ్మేవాళ్ళు అంటుంటారు చూడండి, కలర్ వేరు పెయింట్ వేరు, ఆ మాట దగ్గరే చాలామంది మోసపోతున్నారు.

వెలిసిపోయిన రంగు కోసం ఇంత పట్టింపు దేనికి?

మా సంగతి చెప్తా. 12 ఏళ్ళ కిందట ఇంట్లో పెళ్ళి, పెళ్ళికూతుర్ని పాత కార్లోనే పంపుదాం అన్నారు అందరూ, బాగానే ఉంది, కానీ కారు కాస్త మెరిస్తే బాగుంటుందని మా నాన్నగారు దగ్గర్లో ఉన్న ఒక షెడ్డుకి పంపించారు. పాలిష్ చేయమంటే వాళ్ళు రంగు వేయడానికి దిగిపోయారు. నేను వెళ్ళేసరికి ఎడమవైపు రెండు డోర్లూ, వెనక మడ్‌గార్డూ వాటర్ పేపర్ (నీళ్ళతో తడిపి రుద్దే గరుకు కాగితం) పెట్టి రేకు దాకా గీకేసి ఉన్నాయి. అక్కడే ఆపించాను. గీకేసిన ఎడమవైపుకి రంగు వేయించక తప్పలేదు, కుడివైపు బతికింది. ఆ రోజు నేల మీద కారిన ఆ బూడిదరంగు నీళ్ళు చూస్తుంటే కడుపులో దేవినట్టయింది, పెదనాన్నగారు 30 ఏళ్ళు చేత్తో తుడుచుకున్న రంగు అది.

రేకు మళ్ళీ కొట్టించుకోవచ్చు, ఇంజను బోర్ చేయించుకోవచ్చు, సీట్లు కుట్టించుకోవచ్చు, ఫ్యాక్టరీ రంగు మాత్రం పోతే పోయినట్టే. పైగా అది ఉందంటే కారుకి పెద్ద దెబ్బలు తగల్లేదనీ లోపల రేకు ఎలా ఉందో దాచేవాళ్ళు లేరనీ తెలుస్తుంది. అందుకే వింటేజ్ కార్లు కొనేవాళ్ళు వెలిసిపోయినా సరే అసలు రంగున్న కారుకే ఎక్కువ విలువ కడతారు.

ఇంకోటి, ఒకే కారుకి కుడి పక్క ఫ్యాక్టరీది, ఎడమ పక్క షెడ్డుది ఉండటంతో రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునే అవకాశం నాకు దొరికింది. కింద రాసిందంతా అలా నేర్చుకున్నదే.

ముందు ఎక్కడ చూడాలి?

బయట చూడకండి. అందరూ బోనెట్ మీద చెయ్యేసి నిమురుతారు, అక్కడేం తెలీదు. రంగు వేసేవాడి చెయ్యి పోని చోట్లు, పోయినా ఓపిక లేక వదిలేసే చోట్లు ఉంటాయి, ముందు అవి చూడాలి. డిక్కీలో మేట్ ఎత్తి కింద, స్టెప్నీ పెట్టే గూట్లో, డాష్‌బోర్డ్ కిందకి తల పెట్టి టార్చి వేసి పైకి, వెనక సీటు ఎత్తి కింద, డోర్ ప్యాడ్ ఊడదీసి దాని వెనకాల. అక్కడ కనిపించేది దాదాపుగా ఫ్యాక్టరీ రంగే అవుద్ది. లోపలి మూలల్లో పల్చగా, దుమ్ము కొట్టినట్టు, కొన్నిచోట్ల ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కనపడుతూ ఉంటే కంగారు పడకండి, కనపడని చోట ఫ్యాక్టరీ వాళ్ళు కూడా స్ప్రే గన్ను అలా తిప్పేసి వదిలేస్తారు.

ఇప్పుడు ఆ లోపలి రంగునీ బయట డోర్‌నీ పోల్చండి. ఎండ తగలక లోపలిది ముదురుగా, బయటది వెలిసి లేతగా ఉండాలి, అది సహజం. అలా కాకుండా లోపల ఒక రంగు బయట ఇంకో రంగు ఉంటే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. లోపలా బయటా రెండూ ఒకేలా కొత్తగా నిగనిగలాడుతున్నా అనుమానించాల్సిందే, 50 ఏళ్ళ ఎండ బయట రేకు మీద కనపడకుండా ఎక్కడికి పోద్ది?

డోర్ బీడింగ్ (అంచు చుట్టూ ఉండే రబ్బరు) లాగి చూడమంటారు, ఏం కనపడాలి?

బీడింగులు, అద్దాల రబ్బర్లు, లైట్లు, వైరింగు, బంపర్లు, మోనోగ్రాములు ఇవన్నీ ఫ్యాక్టరీలో రంగు ఆరాక బిగించేవి. కాబట్టి వాటి మీద రంగు చుక్క ఉండకూడదు, వాటి కింద మాత్రం రంగు నిండుగా ఉండాలి. షెడ్డులో ఉల్టా, అద్దం తీసే ఓపిక ఉండదు, రబ్బరుకి టేపు అంటించి గన్ను కొట్టేస్తారు. బీడింగ్ అంచు వేలితో మెల్లగా లాగితే కింద ఒక గీత, గీతకి అటు ఒక రంగు ఇటు ఒక రంగు, లేదా గోరు తగిలితే మెట్టులాగా అనిపిస్తుంది. అది టేపు గీత. మా కారు ఎడమ పక్క వెనక అద్దం రబ్బరు కింద ఇప్పటికీ అలాగే ఉంది.

బోనెట్ తెరిచి వైర్ల మీదా, హోస్ పైపుల మీదా, బ్రేక్ పైపు మీదా సన్నటి తుంపర ఉందేమో చూడండి. ఛాసిస్ నంబర్ ప్లేటు అంచున, దాని రివిట్ల మీద కారు రంగు పడి ఉంటే ఆ ప్లేటు ఉండగానే మళ్ళీ రంగు కొట్టారన్నమాట.

నట్లు బోల్టుల సంగతేంటి?

డోర్లు, బోనెట్టు, డిక్కీ మూత చాలా కార్లలో ఫ్యాక్టరీలో బాడీకి బిగించాకే రంగు పడుతుంది, అందుకని హింజ్ బోల్టుల తలల మీద కూడా అదే రంగు పగలకుండా ఉండాలి. స్పానర్ పెట్టి తిప్పితే మూలల దగ్గర రంగు ఊడిపోద్ది. ఊడిపోయిందంటే డోర్ తీశారు, ఎందుకు తీశారో అడగండి. డోర్ కిందకి దిగిపోతే సర్దడానికి కూడా తిప్పుతారు కాబట్టి ఒక్క బోల్టు చూసి తీర్పు చెప్పేయకండి. హెరాల్డ్‌కి ముందు భాగం మొత్తం బోనెట్టుతో పాటు ముందుకి తిరిగి లేస్తుంది, లోపలంతా విప్పి చూపించినట్టే ఉంటుంది, చూడ్డం తేలిక.

అయస్కాంతం పెడితే తెలుస్తుందా?

రంగు గురించి తెలీదండి, రంగు కింద పట్టీ (గుంటలు నింపడానికి పూసే పేస్టు) ఉందో లేదో తెలుస్తుంది. చిన్న అయస్కాంతం పల్చటి గుడ్డలో చుట్టి (గీత పడకుండా) రేకు మీద జరుపుకుంటూ పోతే, పట్టీ మందంగా ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. చక్రాల పైన అర్ధచంద్రాకారంగా ఉండే అంచులు, డోర్ల కింది వార, సిల్ (డోర్ల కింద పొడవునా ఉండే బాడీ అంచు) ఈ మూడూ తప్పకుండా చూడండి. పల్చగా పూసిన పట్టీని అయస్కాంతం కనిపెట్టలేదు, అది గుర్తుంచుకోండి.

మైక్రాన్ మీటర్ కొన్నాను, ఎంత చూపిస్తే ఒరిజినల్?

అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే, అందరికంటే ఎక్కువ తప్పులు జరిగేదీ దీని దగ్గరే.

మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. మీటరు రేకు మీద పెడితే రేకుకీ మీటరుకీ మధ్య ఉన్న పూత మొత్తం ఎంత మందమో చెప్తుంది, అందులో ప్రైమర్ ఎంత రంగు ఎంత అని విడదీసి చెప్పదు. ఇనప రేకు మీద అయస్కాంత పద్ధతిలో, అల్యూమినియం మీద ఇంకో పద్ధతిలో కొలుస్తుంది, రెండూ కొలిచేది కొనుక్కుంటే మంచిది. వాడేముందు దాంతో పాటు ఇచ్చిన బిళ్ళ మీద జీరో చేసుకోవాలి. బాగా వంపు తిరిగినచోటా అంచుల దగ్గరా తప్పు లెక్క చూపిస్తుంది, అంబాసిడర్ అంతా వంపులే కాబట్టి ఒకేచోట మూడు నాలుగు సార్లు పెట్టండి.

ఫ్యాక్టరీ పూత మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుందంటారు. పాత కార్లకి ఈ లెక్క కచ్చితంగా పట్టుకోకూడదు, ఫ్యాక్టరీలోనే ఒక ప్యానెల్ మీద మచ్చ కనిపించి రెండో కోటు కొట్టి పంపిన కార్లుంటాయి. పాత రంగు మీదే ఇంకోసారి వేస్తే సుమారు రెట్టింపు అవుద్ది, పట్టీ ఉంటే 500 దాటి ఒక్కోసారి వేలల్లోకి పోద్ది. మా కారుకి కుడి డోర్లు 110 నుంచి 140, ఎడమ డోర్లు 300 పైన, రేకు దాకా గీకినా అంత మందంగా పూసేశారు.

అసలు మెలిక ఇక్కడుంది. పాత రంగంతా రేకు దాకా తీసేసి శుభ్రంగా మళ్ళీ వేస్తే మీటరు 120 చూపిస్తుంది! ఒరిజినల్ లాగే! మీటరు ఎక్కువ చూపిస్తే కథ ఏదో ఉందని అర్థం, తక్కువ చూపించినంత మాత్రాన ఒరిజినల్ అని అర్థం కాదు. అలాగే తరాల తరబడి కాంపౌండ్ (రంగుని అరగదీసే పాలిష్ పేస్టు) పెట్టి రుద్దిన కారుకి బోనెట్ మీద 60 కూడా రావచ్చు, అది అచ్చమైన ఫ్యాక్టరీ రంగే, అరిగిపోయిందంతే. కాబట్టి అంకె కంటే పక్కపక్క ప్యానెళ్ళ మధ్య తేడా చూడండి, టాపు, డోర్ పిల్లర్లు ముందు కొలుచుకుని మిగతావి వాటితో పోల్చండి, పిల్లర్ల లోపలి వైపు ఎవరూ పెద్దగా ముట్టుకోరు.

థిన్నర్ పరీక్ష చేయొచ్చా?

చేయొచ్చు, కనపడని చోట మాత్రమే, వేలెడు కంటే తక్కువ జాగాలో.

ముందు డ్యూకో గురించి. మన షెడ్లలో కారుకి రంగంటే డ్యూకోనే అంటారు కదా, అది అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1920ల్లో తెచ్చిన నైట్రోసెల్యులోజ్ రంగు పేరు, 1924 మోడల్ ఓక్లాండ్ కార్ల మీద మొదట వచ్చింది. అంతకుముందు కారుకి రంగు ఆరాలంటే రోజులు, వారాలు పట్టేది, ఇది గంటల్లో ఆరిపోయేది. కంపెనీ పేరే మన దగ్గర పనికి పేరైపోయింది, ఇప్పుడు చెక్క బీరువాకి కొట్టినా డ్యూకోనే.

దాని గుణం ఏంటంటే, ఎన్నేళ్ళయినా థిన్నర్ తగిలితే మళ్ళీ కరిగిపోద్ది. ఫ్యాక్టరీలో ఓవెన్లో వేడి మీద గట్టిపరిచిన ఎనామెల్ గానీ, ఇప్పటి హార్డెనర్ కలిపే టూకే రంగు గానీ అంత తేలిగ్గా కరగవు. తెల్ల నూలు గుడ్డ మీద రెండు చుక్కలు వేసి అద్దితే రంగు జిగటగా గుడ్డకి వచ్చేస్తే అది డ్యూకో. అయితే ఫ్యాక్టరీలు కూడా ఒకప్పుడు నైట్రోసెల్యులోజే వాడిన కాలం ఉంది, అందుకని కరిగింది కాబట్టి షెడ్డుది అనెయ్యడం తప్పు. నేను చేసేది చెప్తా, డాష్‌బోర్డ్ కింద ఒక చుక్క, డోర్ అంచు లోపల ఒక చుక్క. రెండుచోట్లా ఒకేలా ప్రవర్తిస్తే ఒకే రంగు. మా కారు కుడివైపు డాష్‌బోర్డ్ కింది రంగులాగే ఉంది, ఎడమవైపు మాత్రం పది లెక్కపెట్టేలోగా గుడ్డకి అంటుకుంది.

రంగు ఎన్ని పొరలుందో చూడ్డం ఎలా?

రాయి తగిలి పెచ్చు లేచిన చోటు వెతికి భూతద్దంతో అంచు చూడండి. పైన రంగు, కింద ప్రైమర్, ఆ కింద రేకు కనపడితే సంతోషం. రంగు, ప్రైమర్, మళ్ళీ ఇంకో రంగు, మళ్ళీ ప్రైమర్ అలా ఉంటే చరిత్ర తెలిసిపోయినట్టే.

పెచ్చు దొరక్కపోతే డిక్కీ మూత లోపలి అంచు లాంటి చోట 1000 నంబరు వాటర్ పేపర్ నీళ్ళతో తడిపి రూపాయి బిళ్ళంత మేర మెల్లగా గుండ్రంగా రుద్దితే, పొరలన్నీ చెట్టు మొదలు నరికితే కనపడే వలయాల్లా బయటపడతాయి. పాత పసుపు, ఎరుపు రంగుల్లో సీసం కలిసి ఉండొచ్చు, పొడిగా రుద్దొద్దు, ముక్కుకి మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు.

మన డెల్టాలో కార్లకి ప్రత్యేకంగా చూడాల్సినవి ఉన్నాయా?

చాలా ఉన్నాయండి, వేరే ఊళ్ళ వాళ్ళు రాసిన సలహాల్లో ఇవి దొరకవు.

మొదటిది గాలిలో తేమ. డ్యూకో రంగు వానాకాలంలో కొడితే థిన్నర్ ఎగిరిపోయేటప్పుడు పైన చల్లబడి తేమ పట్టేసి పాలు పోసినట్టు తెల్లటి పొర వస్తుంది. ఫ్యాక్టరీలో మూసిన బూత్‌లో కొడతారు, షెడ్డులో తాటాకు చూరు కింద కొడతారు. ముదురు రంగు కార్ల మీద ఏటవాలుగా చూస్తే ఆ మసక ఇప్పటికీ కనపడుతుంది. ఇంకా కోతల సీజన్లో, రైస్ మిల్లుల పక్కన వేసిన రంగులో ఊక నలక ఇరుక్కుని ఉంటుంది, భూతద్దంలో చూస్తే దోమ కాలు కూడా దొరికింది నాకు ఒక ఫియట్ డిక్కీ మీద. ఉత్తరపారా నుంచో కుర్లా నుంచో మన ఊక రాదు కదా.

రెండోది కొబ్బరికాయ. కోనసీమలో కారు పెట్టేది చెట్టు కిందే, కాయ పడితే టాపు మీదో బోనెట్ మీదో గుంట పడాల్సిందే. కింద నుంచి కొట్టి లేపి మిగిలింది పట్టీతో నింపుతారు, ఏళ్ళు గడిచాక అక్కడ నక్షత్రంలా పగుళ్ళు వస్తాయి. 1996 నవంబర్ తుఫానుకి కోనసీమలో తోటలకి తోటలే పడిపోయాయి, ఆనాడు ఇక్కడే ఉన్న కారైతే టాపు మీద మీటరు తప్పకుండా పెట్టండి.

మూడోది వరద. 1986 ఆగస్టు గోదారి వరద మనవాళ్ళెవరూ మర్చిపోరు. నీళ్ళలో నిలబడ్డ కారుకి బయట ఎంత రంగేసినా డోర్ ప్యాడ్ వెనకాల ఎండిన ఒండ్రు, ఒకే ఎత్తులో తుప్పు గీత ఉండిపోతాయి. అలాంటి కారుకి కిందివార రంగు ఒరిజినల్ అని ఎవరైనా అంటే ఆ ప్యాడ్ ఊడదీసి చూపించమనండి.

నాలుగోది ఉప్పు. అంతర్వేది, నర్సాపురం వైపు సముద్రపు గాలి, భీమవరం చుట్టూ చెరువుల దారులు, కింద సిల్లూ మడ్‌గార్డు అంచులూ ముందు తినేస్తుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి గోదారి దాటించిన కార్లకి బల్లలు ఒరుసుకుని కింది అంచులు గీసుకుపోయి ఉంటాయి. అందుకని మన వైపు కారుకి నడుం పైన ఒరిజినల్, నడుం కింద టచప్ అనేది చాలా మామూలు, దానికి ఎవర్నీ తప్పు పట్టక్కర్లేదు. నిజానికి తీరం పక్కన బతికిన కారుకి కింది అంచులతో సహా అన్నీ నున్నగా ఉంటేనే నాకు అనుమానం.

ఆర్‌సీ బుక్కులో ఉన్న రంగు, కారు రంగు ఒకటే. సరిపోదా?

సరిపోదు. రంగు మార్చలేదని మాత్రమే తెలుస్తుంది. తేడా ఉంటే మాత్రం చాలావరకు మార్చినట్టే.

అమ్మే ఆయన "మా నాన్నగారు కొన్నప్పట్నుంచి ముట్టుకోలేదండి" అంటున్నారు, నమ్మొచ్చా?

చాలాసార్లు ఆయన అబద్ధం చెప్పరు, ఆయనకి తెలీదంతే. మా నాన్నగారు కూడా కారు మొత్తం ఒరిజినలే అని నమ్మేవారు, వెనక బంపర్ కింద ఎప్పుడో టచప్ జరిగిందని మీటరు పెట్టాకే తెలిసింది. గట్టిగా వాదించకుండా పాత పెళ్ళి ఫొటోలు చూపించమనండి, మన ఇళ్ళలో కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటైనా ఉంటుంది. కారుని ఎక్కువగా తుడిచిన డ్రైవర్ గారు బతికుంటే వెళ్ళి కాఫీ తాగి రండి, ఏ ఏడు ఎక్కడ గీసుకుందో ఆయనకి తెలిసినట్టు ఓనరుకి కూడా తెలీదు.

సగం ఒరిజినల్ సగం కాదు అని తేలింది. ఇప్పుడు ఏమని చెప్పుకోవాలి?

ఉన్నది ఉన్నట్టు. "టాపు, బోనెట్టు, కుడి పక్క ఫ్యాక్టరీ రంగు, ఎడమ పక్క రీపెయింట్" అని నేను అలాగే చెప్తా. కాగితం మీద కారు బొమ్మ గీసి ఏ ప్యానెల్ ఎంత మైక్రాన్లో రాసి ఆర్‌సీతో పాటు పెట్టుకోండి.

వెలిసిన రంగుని ఎలా కాపాడుకోవాలి?

చేత్తో రాస్తే సున్నంలా రంగు అంటుకుంటుందా, అది పైపొర చచ్చిపోవడం, కింద ఇంకా ప్రాణం ఉంటుంది. కాంపౌండ్ జోలికి పోకండి, మెషీన్ బఫింగ్ అసలొద్దు, ఒక్కసారి రుద్దితే ఎన్ని మైక్రాన్లు పోతాయో మీటరు పెట్టి చూసుకుంటే మీకే భయమేస్తుంది. మంచినీళ్ళతో కడిగి (బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాన నీళ్ళు పట్టుకోండి), నీడలో ఆరనిచ్చి, మెత్తటి నూలు గుడ్డతో పల్చగా మైనం పాలిష్. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పితే లోపల చెమట పట్టి బుడగలు లేస్తాయి, నూలు గుడ్డ కప్పండి, దాని పైన రేకుల షెడ్డు ఉండాలి. కొబ్బరి చెట్టు కింద మాత్రం పెట్టకండి.

రేకు తినేసింది, టింకరింగ్ తప్పదు. అప్పుడు?

పాడైన ప్యానెల్ ఒక్కటే చేయించండి, "ఎలాగూ కొడుతున్నాం కదా, మొత్తం కొట్టేద్దాం" అనే మాటకి ఒప్పుకోకండి. పంపే ముందు పగటి వెలుతురులో అన్ని పక్కలా ఫొటోలు తీసి పెట్టుకోండి. షేడు కలిపేటప్పుడు వెలిసిన డోర్‌ని ఒక్కదాన్నే చూపించకుండా డాష్‌బోర్డ్ కింది రంగు ఒకటి, పక్క ప్యానెల్ ఒకటి రెండూ చూపించండి, ఏది కావాలో మీరు తేల్చుకోండి. ముట్టుకోకూడని ప్యానెళ్ళ మీద కాగితం అంటించి పెద్ద అక్షరాలతో "ఇక్కడ పేపర్ పెట్టొద్దు" అని తెలుగులో రాయండి, మేస్త్రీకి చెప్పింది కుర్రాళ్ళ దాకా చేరదు. వీలైతే మొదటి రోజు పొద్దున్న మీరే వెళ్ళి కూర్చోండి, గీకడం మొదలయ్యేది ఆ రోజే, నేను మధ్యాహ్నం వెళ్ళాను.